హల్లుతో ముగిసిన పాట

నా ఉద్యోగ జీవితంలో ఎన్ని రిపోర్టులు రాశానో లెక్కలేదు. వాటిలో ఒకదానిలోని రెండు వాక్యాలు మాత్రం ఇప్పటికీ కంఠతా వచ్చు. "ఇంగ్లిష్‌లో చెప్పినా, మాతృభాషలో చెప్పినా రోగికి అర్థం కావడం లేదు. స్పీచ్ థెరపీ వల్ల పెద్దగా ప్రయోజనం ఉంటుందని అనుకోను." కింద నా సంతకం. రెండు వాక్యాలూ తప్పు. సంతకం ఒక్కటే సరిగ్గా ఉంది.

స్పీచ్ థెరపీ చదువుతున్న పిల్లలు ఇప్పుడు ఇక్కడి మన తెలుగువాళ్లలో బాగానే కనిపిస్తున్నారు. ఏ ఫంక్షన్‌లోనో పట్టుకుని "ఆంటీ, మీరు బాగా చేసిన కేస్ ఒకటి చెప్పండి" అంటారు. నేను బాగుచేశాననుకున్నవాళ్లలో కొందరు నేను లేకపోయినా బాగుపడేవాళ్లే. చెడగొట్టింది మాత్రం కచ్చితంగా నా చేతి పనే. అందుకే దాన్ని గురించే చెబుతాను. వినడానికి ఇష్టం లేనివాళ్లు భోజనాల దగ్గరికి వెళ్లొచ్చు.

అది రెండు వేల రెండో సంవత్సరం. మేం షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్లం. ఐటీలో ప్రాజెక్టులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి మా ఆయన ఉద్యోగం పోయింది. అద్దె, కారు, అబ్బాయి స్కూలు, అన్నీ నా జీతం మీదే. గ్రీన్‌కార్డ్ ఫైలు కూడా నా ఉద్యోగం మీదే నడుస్తోంది. నేను పనిచేసేది ఒక రిహాబ్ సెంటర్‌లో. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి విరిగినవాళ్లు ఆసుపత్రి నుంచి నేరుగా ఇంటికి వెళ్లకుండా కొన్ని వారాలు అక్కడుండి కోలుకుంటారు. మాట పడిపోయినవాళ్లకు మాట తెప్పించడం నా పని.

ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినాయన మొహమాటపడుతూనే అడిగాడు, ఇంత యాక్సెంట్‌తో మాట్లాడే మనిషి అమెరికన్లకు మాటలెలా నేర్పుతుందని. "మీ పేషెంట్లకు ముందు మాట రానివ్వండి, ఎవరి యాక్సెంట్‌తో వచ్చిందో తర్వాత చూసుకుందాం" అన్నాను. ఆయన నవ్వి ఉద్యోగం ఇచ్చాడు. నేను చేరిన ఏడాదికే ఆయన వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన సూపర్‌వైజర్ నాకంటే పదేళ్లు చిన్నది. ఒకప్పుడు మంచి థెరపిస్ట్. సూపర్‌వైజర్ అయ్యాక రోజుకు ఎవరెవరు ఎన్ని నిమిషాలు పనిచేశారన్న షీటు ఆవిడ మెడకు చుట్టుకుంది. చెడ్డ మనిషని చెప్పలేను. ఆ షీటు నా మెడకు చుట్టినా నేనూ అలాగే అయ్యేదాన్నేమో.

ఒక సోమవారం కొత్త పేషెంట్ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. పెళ్లి గౌన్లు కుట్టే సొంత షాపు ఉంది. మెదడులో ఎడమ వైపు దెబ్బతిని కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. భర్త లేడు. ఆయన మొదటి భార్య కొడుకు, ఎలక్ట్రీషియన్, ప్రతి సాయంత్రం పనిబూట్లతోనే వచ్చి ఆవిడ పక్కన కూర్చునేవాడు. పన్నెండేళ్ల వయసు నుంచి తనను ఆవిడే పెంచిందని చెప్పాడు. ఫారం నింపింది అతనే. పుట్టిన దేశం: ఇటలీ. మాతృభాష: ఇటాలియన్.

ఆ రోజు భోజనం వేళకి ఇంకా ఇద్దరిని చూడాలి. ఫోన్‌లో ఇటాలియన్ ఇంటర్‌ప్రెటర్‌ని తీసుకుని స్పీకర్ ఆన్ చేశాను. కళ్లు మూసుకోమని చెప్పించాను. ఆవిడ ఫోన్ వంక చూసి "నో" అంది. కిటికీ చూపించమన్నాను. "నో". మీరు కుట్టుపని చేస్తారా? "నో". మీరు ఇప్పుడు విమానంలో ఉన్నారా? "నో". ఇంగ్లిష్‌లో అడిగినా అదే జవాబు. మెదడు దెబ్బతిన్నవాళ్లకు ఇలా ఒక్క మాట నోట్లో ఇరుక్కుపోవడం మామూలే. ఆ మాట తప్ప ఇంకేదీ లేదని, చెప్పింది అర్థం కావడం లేదని తేల్చి, ఆ రెండు వాక్యాలు రాసేశాను. భోజనం టైముకే తిన్నాను కూడా.

ఆ రెండు వాక్యాలు ఎంత దూరం వెళ్లాయో అప్పుడు నాకు తెలియదు. ఇన్సూరెన్స్ వాళ్లు వాటిని చదివి, మూడు వారాల తర్వాత ఆవిడను శాశ్వతంగా నర్సింగ్ హోమ్‌కు పంపే విషయం చూడమన్నారు. కొడుకు ఆ రిపోర్టు కాపీ లాయర్‌కి ఇచ్చాడు. ఆవిడకు ఏమీ అర్థం కాదు కాబట్టి షాపు మూసేసే అధికారం తనకు రావాలి కదా. అతను చేసింది డబ్బు మీద ఆశతో కాదు, దిగులుతో.

మూడో వారంలో, నడక నేర్పించే మా ఫిజికల్ థెరపిస్ట్ ఒక సీడీ తెచ్చాడు. భారీ మనిషి. వాళ్ల నానమ్మది ఇటలీ. "మన ఇటాలియన్ లేడీ పాపం ఎవరితోనూ మాట్లాడదు, పాటైనా వింటుంది" అన్నాడు. అది ఒకప్పుడు ఊరూరా మోగిన ఇటాలియన్ ప్రేమపాటట. పియానోతో మెల్లగా మొదలై, గాయకుడు గొంతు దాచుకుని దాచుకుని పల్లవి దగ్గర ఒక్కసారిగా వదిలే రకం. ఆవిడ నడక నేర్చుకునే రెండు కడ్డీల మధ్య ఎడమ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. పల్లవి వచ్చేసరికి నోరు తెరిచి పాడింది. గాలిలోకి ఏదో ఊదినట్టు కాకుండా, మాటలతో పాడింది. హాల్లో ఎవరి పని వాళ్లు ఆపేశారు. నడిపిస్తున్న మనిషి కళ్లు తుడుచుకున్నాడు.

గుమ్మంలో నా పక్కనే నిలబడి ఉన్న సూపర్‌వైజర్ నా చెవిలో అంది. "బాగుంది. కానీ దీనికి అర్థం లేదని నీకు తెలుసు. మాట పోయినవాళ్లు కూడా పాట పాడతారు, ప్రార్థన చేస్తారు."

సూపర్‌వైజర్ చెప్పింది నిజమే. పాట మెదడులో వేరే దారిన వస్తుంది. పాడినంత మాత్రాన మాట తెలుస్తున్నట్టు కాదు. పైగా పేషెంట్ పాడిన మాటలు సీడీలో మాటలతో కలవలేదు. అక్షరాలు చెదిరిపోయాయని అందరం అనుకున్నాం. మర్నాడు మళ్లీ పెట్టారు. మళ్లీ పాడింది. ఈసారి నేను దగ్గరికి వెళ్లి విన్నాను. నిన్న ఎక్కడెక్కడ తేడాగా పలికిందో సరిగ్గా అక్కడే, అదే మాట పలికింది. చెదిరిన మాట రెండు రోజులు ఒకేలా చెదరదు.

ఇంకొకటి కూడా గమనించాను. దాన్ని గమనించడానికి మైసూరులో నేను చదివిన స్పీచ్ థెరపీ చదువు అక్కరకు రాలేదు. మన తెలుగులో మాటలు అచ్చుతో ముగుస్తాయని బళ్లో అందరం చదువుకున్నాం. ఇటాలియన్ కూడా అంతే కాబట్టి ఏ దొరో మనది తూర్పు దేశాల ఇటాలియన్ అన్నాడని తెలుగు సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. సీడీలో గాయకుడు ప్రతి పాదం చివరా అచ్చు మీద నిలబడి గొంతు సాగదీస్తున్నాడు. మా పేషెంట్ అదే చోట "స్" అనో, "ర్" అనో, "న్" అనో నోరు బిగిస్తోంది. ఆయన పాదం హాయిగా తెరుచుకుని ముగుస్తుంటే, ఆవిడ పాదం హల్లు దగ్గర టక్కున ఆగుతోంది.

నేను పుట్టింది చిత్తూరు జిల్లాలో, తమిళ సరిహద్దు మీద. మా రేడియోలో మద్రాసు స్టేషన్ వచ్చేది, మా టాకీసులో అవే సినిమాలు తెలుగులోకి మార్చి ఆడేవాళ్లు. ఒకే బాణీకి రెండు భాషల మాటలు. మా అక్క తమిళంలో, నేను తెలుగులో ఒకేసారి పాడేవాళ్లం. చరణం చివర అక్క పెదాలు మూసుకుపోయేవి, నేను నోరు తెరిచి లాగుతూ ఉండేదాన్ని. "ఎవురో ఒకరు నిలిపేయండే, తల నొస్తాంది" అని మా అమ్మ వంటింట్లోంచి అరిచేది. ఆ రిహాబ్ హాల్లో నిలబడి నేను విన్నది సరిగ్గా అదే. ఆవిడ పాట తప్పు పాడటం లేదు. ఇంకో భాషలో పాట పాడుతోంది.

ఏ భాషో నాకు తెలియదు. అద్దాలు తుడుస్తున్న క్లీనింగ్ ఆవిడ, మెక్సికో నుంచి వచ్చిన మనిషి, అప్పటికే తుడవడం ఆపి చూస్తోంది. ఆవిడ దగ్గరికి వెళ్లి అడిగాను.

"ఈ పాట నీకు తెలుసా?"

"తెలియకేం. మా అమ్మ దగ్గర రికార్డు ఉండేది. కానీ ఇందులో పాడుతున్న భాష మాది కాదు. ఆ గాయకుడే మా కోసం మళ్లీ స్పానిష్‌లో పాడాడు. మేం విన్నది అది."

"మరి ఆవిడ పాడేది?"

"ఆవిడ పాడేది మాది. అన్ని మాటలూ సరిగ్గా పాడుతోంది. మీకు తెలియదా? నేను రోజూ గుడ్ మార్నింగ్ స్పానిష్‌లోనే చెబుతాను, తల ఊపుతుంది."

మూడు వారాలు. ఆ మూడు వారాలూ ఆవిడతో భాష కలిసిన ఒకే ఒక్క మనిషి నేల తుడిచే మనిషి. ఆవిణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

కొడుక్కి ఫోన్ చేశాను. "ఆవిడ ఎక్కడ పెరిగారు?"

"ఇటలీలో పుట్టింది. చిన్నప్పుడే వాళ్లంతా అర్జెంటీనా వెళ్లిపోయారు. నాన్నను పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చేసరికి నలభై ఏళ్లు. ఎందుకు?"

"ఇంట్లో తనవాళ్లతో ఫోన్‌లో ఏ భాష మాట్లాడేవారు?"

"ఇటాలియన్ అనుకున్నాను" అన్నాడు. "తను ఎప్పుడూ ఇటాలియన్‌నే అని చెప్పుకునేది. నేను ఎప్పుడూ అడగలేదు."

నేరుగా సూపర్‌వైజర్ గదికి వెళ్లి, మళ్లీ పరీక్ష చెయ్యాలి, స్పానిష్‌లో చెయ్యాలి అన్నాను. మర్నాడే మీటింగు. ఇన్సూరెన్స్ ఆవిడ ఫోన్‌లో ఉంటుంది, కొడుకు వస్తాడు, నర్సింగ్ హోమ్ సంగతి తేలిపోతుంది.

"ఆ కేస్ క్లోజ్ చేశాం. నీ షెడ్యూల్‌లో ఖాళీ లేదు" అంది.

"నా లంచ్ ఉంది కదా."

"లంచ్‌లో పేషెంట్‌ని చూడకూడదు."

"లంచ్‌లో నేను తినకపోతే కంపెనీకి ఏం నష్టం?" అని వచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం. ఇంట్లో ఉద్యోగం లేని మొగుడు, చేతిలో సగం నడిచిన ఫైలు.

ఈసారి ఫోన్‌లో స్పానిష్ ఇంటర్‌ప్రెటర్. నేను చెప్పడం, ఆయన చెప్పడం. కళ్లు మూసుకోండి. మూసుకుంది. కిటికీ చూపించండి. ఎడమ చెయ్యి కిటికీ వైపు లేచింది. మీరు విమానంలో ఉన్నారా? "నో". మీరు కుట్టుపని చేస్తారా? ఇప్పుడు "నో" రాలేదు. ఆవిడ నా వంక చూసి, తల గట్టిగా కిందికి, పైకి ఊపింది. తర్వాత కొంచెం కష్టమైనది ఇచ్చాను. ఆ తువాలు మడిచి కుర్చీ మీద పెట్టండి. ఆవిడ ఒక అంచును గడ్డం కింద నొక్కిపెట్టి, ఎడమ చేత్తో అంచు లోపలికి మడిచి, గోరుతో ఆ మడత మీద గీత గీసి, అప్పుడు నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద పెట్టింది. నేను మడవమన్నాను, ఆవిడ కుట్టడానికి సిద్ధం చేసిచ్చింది. ఫోన్‌లో ఆయన "హలో, ఏమైంది, ఉన్నారా" అని అడుగుతున్నాడు.

ఫలితం చూపిస్తే సూపర్‌వైజర్ రెండుసార్లు చదివింది. ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది, అది ఒప్పుకోవాలి. తర్వాత తలుపు వేసింది.

"మంచి వార్త. ఇలా రాయి: పేషెంట్ పరిస్థితి మెరుగుపడింది. ఇన్సూరెన్స్ వాళ్లకు కావలసిందీ అదే. మెరుగుదల ఉంటే ఇంకొన్ని వారాలు ఇస్తారు. ఆవిడకు మంచిది, నీకు మంచిది, మనందరికీ మంచిది."

"ఆవిడ మెరుగుపడలేదు. మొదటి రోజు నుంచీ ఇలాగే ఉంది. నేను తప్పు భాషలో అడిగాను."

"ఆ తప్పు అన్న మాట రికార్డులోకి ఎక్కితే ఏమవుతుందో తెలుసా? నీ లైసెన్స్, మన సెంటర్ పేరు. ఎవరికి లాభం? ఫలితం ఒకటే కదా."

పిల్లలూ, ఆవిడ అడిగింది పెద్ద నేరం కాదు. ఒక్క మాట మార్చమంది. మార్చినా పేషెంట్‌కు థెరపీ దొరికేది. నాకు తలనొప్పి ఉండేది కాదు. కానీ మెరుగుపడిందని రాస్తే, ఆ మూడు వారాలూ ఆవిడకు నిజంగానే ఏమీ అర్థం కాలేదని మళ్లీ నా సంతకంతో చెప్పినట్టు. లాయర్ దగ్గరున్న కాగితం నిజమై కూర్చుంటుంది. ఫారం అలాగే ఉంటుంది, రేపు ఇంకొకరు వస్తారు.

ఆ సాయంత్రం మా ఆయన కార్‌తో వచ్చాడు. దారిలో అంతా చెప్పాను.

"సూపర్‌వైజర్ చెప్పినట్టే రాస్తే పోయేదేముంది మే? పని అయితాది కదా" అన్నాడు.

"అవుతుంది. నేను అబద్ధం రాసినట్టు కూడా అవుతుంది."

"ఫైల్ ఏ స్టేజ్‌లో ఉందో నీకు తెలియంది కాదు."

"తెలుసండీ. మీరు వద్దంటారా?"

రెండు సిగ్నళ్లు దాటించాడు. తర్వాత "నేను వద్దంటే మానుకుంటావా" అని అడిగాడు. మానుకోనన్నాను. "అట్లయితే నన్నెందుకు అడగతావు" అన్నాడు. కోపంగా అనలేదు. అప్పటికి ఆరు నెలలుగా ఇంటర్వ్యూల్లో అవమానాలు మింగుతున్న మనిషి. ఇంట్లో ఒకరైనా మింగకుండా ఉంటే బాగుండునని ఆయనకూ అనిపించి ఉంటుంది.

మర్నాడు మీటింగుకు నేను ఆవిణ్ని వీల్‌చెయిర్‌లో తోసుకుంటూ వెళ్లాను. పేషెంట్‌ని పిలవలేదు. ఎవరి గురించి మీటింగో ఆ మనిషిని పిలవకపోవడం మా దగ్గర రివాజు. సూపర్‌వైజర్ నా వంక చూసిన చూపుకు టేబుల్ మీది కాఫీ చల్లారిపోయి ఉంటుంది. కొడుకు లేచి కుర్చీ జరిపాడు. టేబుల్ మీద ఒక ఫోన్‌లో ఇన్సూరెన్స్ ఆవిడ. ఇంకో ఫోన్‌లో నేను స్పానిష్ ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాను. ప్రతి మాటా ఆవిడకు చెప్పమన్నాను.

"ఈ వారంలో ఏమైనా మెరుగుదల ఉందా?" అని ఇన్సూరెన్స్ ఆవిడ అడిగింది.

సూపర్‌వైజర్ నా వైపు చూసింది. జవాబు ఏమిటో ఇద్దరికీ తెలుసు.

"లేదు" అన్నాను. "మొదటి రోజు ఎలా ఉన్నారో ఇప్పుడూ అలాగే ఉన్నారు. ఆవిడకు అన్నీ అర్థమవుతాయి, స్పానిష్‌లో చెబితే. పెద్దయ్యాక నేర్చుకున్న ఇంగ్లిష్ ఈ దెబ్బతో పోయింది. నేను ఇటాలియన్‌లో పరీక్ష చేసి అర్థం కావడం లేదని రాశాను. ఆ రిపోర్ట్ తప్పు. తప్పు నాది. ఇవాళ పొద్దున సరైనది రాశాను, అందులో ఈ మాట కూడా రాశాను."

"ఇటాలియన్ అని ఎవరు చెప్పారు?"

"ఫారం చెప్పింది. సంతకం నాది."

కొడుకు ముఖం ఎర్రబడిపోయింది. ఫారం నింపింది అతను. అతని వైపు చూడకుండా నేను ఇంటర్‌ప్రెటర్‌తో మాట్లాడాను. ఆవిడ షాపు మూసేసే ఏర్పాటు జరుగుతోందని చెప్పమన్నాను. అలా చెప్పే అధికారం నాకు లేదు. ఎవరో ఒకరు ఆవిడకు చెప్పాలి కదా.

ఆయన చెప్పాడు. ఆవిడ విన్నది. కొడుకు వైపు తిరిగింది.

"నో."

మూడు వారాలుగా మేమందరం విన్న మాటే. మూడు భాషల్లోనూ ఒకేలా ఉండే మాట. ఇంతవరకూ ఎవరమూ దాన్ని మాట కిందే తీసుకోలేదు. కానీ ఒక్క "నో"తో ఏదీ తేలదు, అది నా వృత్తి నాకు నేర్పింది. అందుకే తిరగేసి అడగమన్నాను. షాపు ఉంచాలా? ఆవిడ తల ఊపింది. అంతటితో ఆగకుండా ఎడమ చెయ్యి కొడుకు ముఖం ముందుకు చాపి, రెండు వేళ్లు కత్తెరలాగా ఆడించింది. అతను నవ్వబోయి ఏడ్చాడు.

"నేను నీ ఎదురుగానే కూర్చుని లాయర్‌తో మాట్లాడాను" అన్నాడు. ఇంటర్‌ప్రెటర్ దాన్ని కూడా ఆవిడకు చెప్పాడు. ఆవిడ అతని చేతి మీద రెండుసార్లు తట్టింది.

ఇన్సూరెన్స్ ఆవిడ కాసేపు టైప్ చేసుకుని, "మెరుగుదల లేదని చెప్పి థెరపీ పొడిగించమని అడిగిన మొదటి మనిషివి నువ్వే" అంది. నర్సింగ్ హోమ్ ఆగింది. థెరపీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమన్నారు. స్పానిష్ తెలిసిన థెరపిస్ట్ వేరే ఊరి నుంచి వారానికి రెండుసార్లు వచ్చేది, మిగతా రోజులు ఫోన్‌తో నేను నెట్టుకొచ్చాను. ఆవిడకు పూర్తి వాక్యాలు ఎప్పటికీ రాలేదు. కొన్ని మాటలు వచ్చాయి, పేర్లు వచ్చాయి. ఇంటికి వెళ్లింది. షాపును అక్కడ పనిచేసే ఇద్దరు నడిపారు. ఆవిడ కుర్చీలో కూర్చుని పిన్ను వంకరగా పెడితే "నో" అంటుందని, అది ఎప్పుడూ సరైన "నో"నే అని కొడుకు చెప్పాడు. లాయర్ దగ్గరి కాగితం వెనక్కి తెచ్చుకున్నాడు. క్రిస్మస్‌కి ఒక కార్డు పంపాడు, అందులో తను స్పానిష్ క్లాసులో చేరానని రాశాడు. ఎంతవరకు నేర్చుకున్నాడో తెలియదు.

మా ఫారంలో ఆ వేసవిలో ఒక కొత్త ప్రశ్న చేరింది: ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? చేర్చింది సూపర్‌వైజర్. క్లీనింగ్ ఆవిడకు కృతజ్ఞత చెప్పాలని నేను రిపోర్టులో ఒక వాక్యం రాస్తే, అది మాత్రం సంబంధం లేని విషయమని కొట్టేశారు. నేను మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశారు. మూడోసారి సమాచారం ఎవరి నుంచి వచ్చిందన్న చోట ఆవిడ ఉద్యోగం పేరు రాశాను. అది కొట్టేయడానికి వీల్లేని చోటు.

మీటింగ్ అయిన పది రోజులకు హెచ్.ఆర్. నుంచి పిలుపు వచ్చింది. వార్నింగ్ లెటర్. షెడ్యూల్ బయట పరీక్ష చేయడం ఒకటి, అనుమతి లేకుండా పేషెంట్‌ని మీటింగుకు తేవడం రెండు. రెండూ నిజమే, నేను చేసినవే. నా తప్పు రిపోర్ట్ గురించి అందులో ఒక్క అక్షరం లేదు. తప్పు చేసినందుకు కాకుండా, దాన్ని దిద్దినందుకు వార్నింగ్ ఇచ్చారు. నాకు నవ్వొచ్చింది. హెచ్.ఆర్. ఆవిడ మంచిదే, నేను ఏడుస్తానేమోనని టిష్యూల డబ్బా ముందుకు జరిపింది.

"సంతకం చేస్తే ఒప్పుకున్నట్టు కాదు, చదివినట్టు మాత్రమే. కావాలంటే కింద నీ అభిప్రాయం రాసుకోవచ్చు" అంది.

గ్రీన్‌కార్డ్ సంగతి గుర్తుకు రాకపోలేదు. అయినా రాశాను: "పైన రాసినవన్నీ నేను చేశాను. అవసరమైతే మళ్లీ చేస్తాను."

ఆవిడ చదివి, కాగితాన్ని నా వైపు తిప్పింది. "ఇది నువ్వు ఇక్కడ పనిచేసినన్నాళ్లూ నీ ఫైల్లో ఉంటుంది. మార్చుకోవాలంటే ఇప్పుడే మార్చుకో."

"ఉండనివ్వండి" అని సంతకం చేసి, నా తర్వాతి పేషెంట్ దగ్గరికి వెళ్లాను. పదమూడేళ్లు పనిచేశాను అక్కడ. ఉంది.